ఎవరు గెలిచినారప్పా

పరుగు పందెంలో కర్ర మూడో మనిషి చేతికి అందుతున్న సమయానికి డ్రిల్లు సారు మా ఇంట్లో నుంచి లేచి వెళ్లిపోయాడు.

ఒలింపిక్స్‌లో నలుగురు ఒకరి తర్వాత ఒకరు పరుగెత్తే రిలే ఫైనల్ అది. నాలుగేళ్లు ఎదురుచూస్తే నిమిషం కూడా ఉండదు. పోటీలు తూర్పు దేశంలో జరుగుతున్నాయి కాబట్టి జమ్మలమడుగులో మాకింకా దీపాలు పెట్టే వేళ. హాల్లో ముగ్గురమే ఉన్నాం. నేను, నా పక్క కుర్చీలో డ్రిల్లు సారు, కింద చాప మీద అలసందకాయలు ఒలుస్తూ నా భార్య.

“యాడికప్పా? ఇంకొక్కడే ఉండాడు పరిగెత్తేది,” అన్నాను.

“ఇప్పుడే వస్తా. నువ్వు చూస్తాండు,” అని చెప్పులు వేసుకున్నాడు. ఆ మాట అనేటప్పుడు నా ముఖం చూడలేదు. టీవీ వైపూ చూడలేదు.

వీధి దాటి ఎదురింటి గడప ముందు ఆగాడు. భుజం మీది తువ్వాల తీసి, రెండు కొసలూ పట్టుకుని గట్టిగా దులిపి, మళ్లీ భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు. ఆయన వెళ్లడం కంటే ఆ తువ్వాల దులపడం నాకు ఎక్కువ గుచ్చుకుంది. అది మా ఇంటి మర్యాద. మా గడప దగ్గర పుట్టింది. దాన్ని తీసుకుపోయి ఎదురింటి వాడికి చెల్లించాడు.

నేను టీవీ వైపు తిరిగేసరికి పందెం అయిపోయింది. మళ్లీ మెల్లగా వేసి చూపిస్తే చూశాను. ఎవరు గెలిచారో చూశాను. ఎవరు ఆఖరున వచ్చారో కూడా చూసిపెట్టుకున్నాను. ఈ రెండోది లోకంలో ఎవరికీ అక్కరలేని సంగతి. ఆయనకు మాత్రం కావాలి.

అదెందుకో చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి పోవాలి.

అప్పుడూ ఒలింపిక్స్ తూర్పు దేశంలోనే. నేను ఒక దినపత్రికకు జమ్మలమడుగు విలేకరిని. ప్రొద్దుటూరులో ఒక చిన్న నలుపు తెలుపు టీవీ కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మిద్దె మీద ఇనుప గొట్టానికి యాంటెనా కట్టించాను. మా పేటలో అప్పటికే ఇంకో రెండు టీవీలు ఉన్నాయి. ఒకటి పై వీధి పెద్దాయన ఇంట్లో, ఇంకొకటి కింది వీధి పెద్దాయన ఇంట్లో. పేటలో ఉన్న వర్గాలు కూడా ఆ రెండే. ఒక్కో వీధిది ఒక్కో పార్టీ. పార్టీల పేర్లు మారేవి, వీధులు మారేవి కావు.

ఆ కాలంలో మా దగ్గర ఎవరి అరుగు మీద కూర్చుంటే వాళ్ల మనిషి. ఎవరింట్లో కాఫీ తాగితే వాళ్ల మనిషి. అంగళ్లు వేరు, మంగలి షాపులు వేరు, సూది వేసే డాక్టర్లు కూడా వేరు. టీవీలు వచ్చాక ఎవరి టీవీ చూస్తే వాళ్ల మనిషి అన్నది కూడా అందులో చేరింది. పైగా పెద్దాయనల ఇళ్లలో మామూలు మనుషులు టీవీని గోడకు ఆనుకుని నిలబడి చూడాలి. పెద్దాయనకు నిద్ర వస్తే కట్టేస్తారు. అందుకని మా ఇంట్లో టీవీ మోగగానే రెండు వీధుల వాళ్లూ వచ్చారు. పేపరు మనిషి ఇల్లు ఎవరిదీ కాదని ఒక ఒప్పందం లాంటిది ఉండేది. వాళ్లు ఆటలు చూడటానికి వచ్చారో, అవతలి వీధి వాళ్లు నా చెవిలో ఏం వేస్తున్నారో చూడటానికి వచ్చారో, ఇప్పటికీ నేను ఖాయంగా చెప్పలేను.

మొదటి రోజు నా భార్య గడపకు అడ్డంగా నిలబడింది.

“దుమ్ము శానా ఉండాది. తువ్వాళ్లు దులుపుకోని రాండి,” అంది.

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ రోజుల్లో మడిచిన తువ్వాలలో ఏమేం ఉండేవో అందరికీ తెలుసు.

“దుమ్ము కోసరమేనా మ్మా?” అన్నాడు కింది వీధి ముసలాయన ఒకడు.

“దుమ్ము కోసరమే మామా. ఇంకేముంటాది తువ్వాల్లో?”

ముసలాయన నవ్వి, వీధి మధ్యకు పోయి అందరికీ కనబడేట్టు దులిపి వచ్చాడు. ఒకతను మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు ఇంటికి పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి అది మా ఇంటి ఆచారం అయింది. పై వీధి వాళ్లు గోడ వైపు, కింది వీధి వాళ్లు కిటికీ వైపు కూర్చునేవాళ్లు. నడుమ ఒక మనిషి పడుకునేంత ఖాళీ. ఆ ఖాళీలో, నా కుర్చీ పక్కన, డ్రిల్లు సారు.

డ్రిల్లు సారు మిషన్ కాంపౌండులో ఉండేవాడు. దొరల కాలంలో వాళ్ల ముత్తాతలు మతం తీసుకున్నారు. అప్పటి నుంచి ఇంటికొక టీచరో, కాంపౌండరో అయ్యారు. ఈయన బడిలో వ్యాయామం నేర్పేవాడు. రెండు వీధుల పిల్లలనూ ఒకే గ్రౌండులో పరుగెత్తించి, ఒకే బెత్తంతో కొట్టినవాడు. ఆయన ఏ వర్గమో అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

మొదట హాకీ వచ్చింది. మన జట్టు ఓడిపోయింది. రెండు వీధులూ కలిసి ఒకే నోట తిట్టాయి. తర్వాత పరుగు పందేలు మొదలయ్యాయి.

“దీంట్లో మనోడెవరప్పా?” అని అడిగాడు పై వీధి వాడొకడు.

“ఎవరూ ల్యారు,” అన్నాడు డ్రిల్లు సారు.

“ఎవరూ ల్యాకపోతే ఎట్ల చూసేది?”

అది నిజమైన ప్రశ్న. మా వాళ్లకు తమవాడు లేని కొట్లాటను చూడటం తెలియదు. కాసేపు గుసగుసలాడుకుని, “అట్లయితే ఆ అమెరికావోడు మావోడు,” అన్నారు గోడ వైపు నుంచి. ఆ మాట పూర్తి కాకముందే కిటికీ వైపు నుంచి, “అయితే రష్యా మాది,” అని వచ్చింది. ఆ దేశాల గురించి వాళ్లకు ఏమీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. అవతలివాడు ఒకటి పట్టుకున్నాడు, ఇవతలివాడు రెండోది పట్టుకున్నాడు. ఇక చూడాలి ఆ హాలు. ఈత, జిమ్నాస్టిక్స్, గుండు విసరడం, ఏదైనా సరే. తుపాకి పేలగానే మా ఇంటి పైకప్పు లేచిపోయేది. ఆ కేకలకు పెన్నలో ఇసుక ఎత్తేవాళ్లు పరుగెత్తుకు వచ్చారొకసారి, హత్య జరిగిందేమోనని.

డ్రిల్లు సారు మాత్రం ఆఖరున వచ్చేవాడికి చప్పట్లు కొట్టేవాడు.

“వాడు మీ చుట్టమా సారూ?” అని ఎగతాళి చేసేవాళ్లు.

“గెలిచినోనికి మీరంతా ఉండారు కదప్పా. వానికెవరుండారు?” అనేవాడు.

నాలుగో రోజో ఐదో రోజో, కింది వీధి వాళ్ల రష్యా మనిషి ముందుకు దూసుకొస్తుండగా బొమ్మ పోయింది. తెర నిండా ముగ్గుపిండి చల్లినట్టు చుక్కలు. బొమ్మ తిరిగి వచ్చేసరికి అమెరికా మనిషి మెడలో పతకం ఉంది.

“యాంటెనా తిప్పినార్రా మీవోళ్లు!” అని కిటికీ వైపు నుంచి ఒకతను లేచాడు.

“మీ మొగం చూసి అదే తిరిగిందిలే,” అన్నారు గోడ వైపు నుంచి.

యాంటెనా తిప్పితే జమ్మలమడుగులో రష్యా ఓడిపోతుందని నమ్మిన మనుషులు వాళ్లు. నవ్వొచ్చే మాటే. కానీ ఆ నిమిషాన ఎవరూ నవ్వలేదు. నడుమనున్న ఖాళీ మాయమైపోయింది. మిద్దె మీదికి మా మనిషిని కాపలా పెడతామని వీళ్లు, మా మనిషిని పెడతామని వాళ్లు. నా భార్య వంటింట్లోంచి వచ్చి టీవీ కట్టేసి, స్విచ్చి దగ్గర నిలబడిపోయింది.

అప్పుడు డ్రిల్లు సారు, “నేను పట్టుకుంటా పాండి,” అని మిద్దె ఎక్కాడు.

ఆయన పట్టుకుంటే రెండు వీధులకూ సమ్మతమే. ఆ రోజు నుంచి ముఖ్యమైన పందెం ఉన్నప్పుడల్లా ఆయన మిద్దె మీద ఎండలో, తలకు తువ్వాల చుట్టుకుని, యాంటెనా గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడేవాడు. కింద ముప్పై మంది చూసేవాళ్లు. జిల్లా స్థాయిలో పరుగెత్తినవాడు, మాలో పరుగంటే ఏమిటో తెలిసిన ఒకే ఒక్కడు, అట్లాంటి ఒక్క పందెమూ చూడలేదు. కింద కేకలు ఆగగానే పైనుంచి ఆయన గొంతు వినిపించేది.

“ఎవరు గెలిచినారప్పా?”

నేను పెరట్లోకి పరుగెత్తి, తల పైకెత్తి చెప్పేవాణ్ణి. వార్త రాసినట్టే చెప్పేవాణ్ణి. ముందు ఎవరు గెలిచారో, ఆ తర్వాత ఎట్లా గెలిచారో. ఎవరు ముందు లేచారు, ఎవరి కాలు తడబడింది, మలుపులో ఎవరు లోపలి గీతకు దగ్గరగా వచ్చారు. ఆయన గొట్టాన్ని వదలకుండా, కళ్లు మూసుకుని వినేవాడు. అంతా విన్నాక రెండో ప్రశ్న వేసేవాడు.

“ఆఖర్న వచ్చిందెవరు?”

మొదటి రోజు నేను చూడలేదని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. మర్నాటి నుంచి ఆఖరువాణ్ణి కూడా చూసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. నా ఉద్యోగ జీవితంలో నేను రాసినవాటిని చాలామంది చదివారు, కొందరు మెచ్చుకున్నారు, ఒకరిద్దరు చంపుతామన్నారు. కానీ అట్లా కళ్లు మూసుకుని విన్న మనిషి ఇంకొకరు లేరు. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

తర్వాతి ఒలింపిక్స్ పడమటి దేశాల్లో జరిగాయి. మాకు అర్ధరాత్రి దాటాక వచ్చేవి. ఆ కాలంలో చీకటి పడ్డాక ఇల్లు కదలడానికి ఎవరూ ఇష్టపడేవాళ్లు కాదు. పదిమందే వచ్చారు. ఆ తర్వాత వచ్చినవారు ఇంకా తక్కువ. ఇంటింటికీ టీవీ వచ్చింది, కేబుల్ వచ్చింది, మిద్దె మీద గొట్టం తుప్పుపట్టి విరిగింది. డ్రిల్లు సారు మిద్దె దిగి నా పక్క కుర్చీలోకి వచ్చాడు. ఆయన యాభై దాటాక మళ్లీ పందెం కళ్లతో చూశాడు. అయినా పందెం కాగానే అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, “ఎవరు గెలిచినారప్పా?” అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నేను చెప్పేవాణ్ణి. చూసిన పందేన్నే మళ్లీ వినేవాడు.

రెండు వీధుల పెద్దాయనలు ఏమయ్యారంటే, ఒకాయన కాలం చేశాడు. ఆయన కొడుకు కొన్నాళ్లకు రెండో ఆయన పార్టీలోనే చేరాడు. ప్రొద్దుటూరులో ఒక పెళ్లిలో ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చున్న ఫొటో మా పేపర్లోనే వచ్చింది, దాని కింద వ్యాఖ్య నేనే రాశాను. కింది వీధి కుర్రవాళ్లు కొందరు తుమ్మలపల్లె గనిలో ఉద్యోగాలకు పోయారు. ఒకప్పుడు పోలీసులకు దొరక్కుండా గండికోట లోయలో పడుకున్నవాళ్లు ఇప్పుడు ఆ లోయ చూపించడానికి ఆటోలు నడుపుతున్నారు. ఊరు నెమ్మదించింది. నెమ్మదించిన ఊళ్లో గోడ వైపు కూర్చోవడానికీ, కిటికీ వైపు కూర్చోవడానికీ మనుషులు లేరు. అమెరికాను ఎవరూ పట్టుకోలేదు కాబట్టి రష్యానూ ఎవరూ పట్టుకోలేదు. ఒలింపిక్స్ వచ్చి పోతుంటే, క్రికెట్టు ఎప్పుడని అడిగేవాళ్లు. శాంతి వచ్చినందుకు నేను సంతోషించాను. ఆ సంతోషం నా హాల్లో కూర్చోవడానికి మాత్రం రాలేదు.

ఇక ఎదురింటి వాడి సంగతి.

అతనిది ప్రొద్దుటూరు, గుడ్డల వ్యాపారం చేసే కుటుంబం. వేరే పత్రికకు విలేకరిగా జమ్మలమడుగు వచ్చి, మా ఎదురిల్లు అద్దెకు తీసుకున్నాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. మొదట్లో, “అన్నా, దీనికి మొదటి వాక్యం ఎట్ల రాయాల?” అని కాగితాలు పట్టుకుని వచ్చేవాడు. చెప్పేవాణ్ణి. మంచి పిల్లవాడు. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా అతని మీద చెప్పడానికి ఒక్క చెడ్డమాట దొరకడం లేదు. దొరికి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

తెలుగులో రోజంతా వార్తలు చెప్పే ఛానెళ్లు మొదలయ్యాక అతను పేపరు వదిలి ఒక ఛానెల్‌లో చేరాడు. చేతికి గొట్టం వచ్చింది. మైకును మావాళ్లు గొట్టం అనేవాళ్లు. నేను ముప్పై ఏళ్లు పెన్ను జేబులో పెట్టుకుని తిరిగిన ఆఫీసుల్లో, గొట్టం చూడగానే కుర్చీలు లేచి నిలబడ్డాయి. పులివెందులలో నాయకుల సభ ఉంటే నేను బస్సులో పోయి ఎండలో తాడు అవతల నిలబడేవాణ్ణి, అతను తాడు ఇవతల నీడలో ఉండేవాడు. నన్ను చూసి, “అన్నా, ఇట్ల రా,” అని చెయ్యి ఊపేవాడు. ఆ చెయ్యి ఊపడాన్ని నేను అతనికి ఎన్నడూ క్షమించలేదు.

ఒకసారి బస్టాండులో అన్నాడు. “నువ్వు రాసింది రేపు పొద్దున చదవాలన్నా. నాది ఇప్పుడే చూడొచ్చు.”

“రేపు పొద్దునకు నీది యాడుంటాది?” అన్నాను.

“నీది పొట్లం కట్టేదానికన్నా పనికొస్తాది. నాది దానికీ రాదులే,” అని తనే నవ్వాడు. గెలిచే మాట కూడా నాకు మిగల్చలేదు.

పేట జనం అతని హాల్లోకి చేరడం మొదలైంది ఆ గొట్టం వచ్చాకే. పగలు ఎవరినో ఒకరిని గొట్టం ముందు నిలబెట్టేవాడు. నీళ్లు రావడం లేదనో, బుడ్డశనక్కాయలకు ధర లేదనో వాళ్లు చెప్పేవాళ్లు. సాయంత్రం జిల్లా వార్తల్లో వాళ్ల ముఖాలు వచ్చేవి. వాటిని చూసుకోవడానికి చుట్టాలతో సహా అతని ఇంటికి పోయేవాళ్లు. సొంత టీవీలు ఉన్నవాళ్లు కూడా. తీసినవాడి ఇంట్లో చూస్తేనే నిజంగా వచ్చినట్టు అని ఒక నమ్మకం. జిల్లా వార్తలు అయ్యాక పార్టీల చర్చ మొదలయ్యేది. నలుగురు తెర మీద నాలుగు గళ్లలో కూర్చుని ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు. అప్పుడు ఎదురింటి హాల్లోంచి కేకలు లేచేవి.

ఆ కేకలు నాకు తెలుసు. ఇరవై ఏళ్ల కింద మా హాల్లో, గోడ వైపు నుంచీ కిటికీ వైపు నుంచీ లేచిన కేకలవి. అప్పుడు మా కొట్లాట వీధిలో ఉండేది, టీవీలో ఉండేది కాదు. టీవీలో అరవడానికి పరాయి దేశాలను అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మా కొట్లాటే పొద్దస్తమానం టీవీలో వస్తోంది. ఎవరో తెలియని మనిషి ఏదో దేశంలో ఎంత వేగంగా పరుగెత్తితే ఎవరికేం? దేశమంతటా ఒలింపిక్స్ చూసేవాళ్లు తగ్గారని, ఎందుకు తగ్గారని మా ఆఫీసులో అప్పుడప్పుడు మాట్లాడుకునేవాళ్లు. మిగతా దేశం సంగతి నాకు తెలియదు. మా పేట సంగతి ఇది.

నేను ఆ కేకలు వినకుండా కిటికీ వేసుకునేవాణ్ణి. “గాలి రాకపోతే ఎట్ల?” అని నా భార్య తీసేది. మళ్లీ వేసేవాణ్ణి. అందరూ అటు పోయినా నా పక్క కుర్చీ నిండి ఉందని ఒక ధైర్యం ఉండేది. ఎదురింటి వాడు జిల్లానంతా తీసుకోగలడు, డ్రిల్లు సారును తీసుకోలేడు అనుకున్నాను.

బడి గ్రౌండు సంగతి ఇక్కడే చెప్పాలి. డ్రిల్లు సారు రిటైరయ్యాక కూడా ఏటా సున్నంతో పరుగు గీతలు ఆయనే వేసేవాడు. ఒకసారి ఎన్నికల ముందు ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడని, ఆ గ్రౌండు నడుమ సిమెంటు పోసి, హెలికాప్టరు దిగడానికి పెద్ద వృత్తం చేశారు. సగం గీతలు దాని కింద పోయాయి. నాయకుడు వచ్చాడు, పోయాడు. సిమెంటు ఉండిపోయింది. ఆ ఏడు పిల్లల పందెం రోజున, ఒక పిల్ల ఆ సిమెంటు అంచుకు తగిలి మోకాలు పగలగొట్టుకుంది.

దాని మీద నేను మూడుసార్లు రాశాను. మొదటిసారి జిల్లా పేజీలో చిన్నదిగా వచ్చింది. రెండోసారి నాలుగు వాక్యాలు మిగిలాయి. మూడోసారి రాలేదు. డెస్కులో ఎవరినో అడిగితే, “పాతదే కదా సార్,” అన్నారు. ప్రతిసారీ డ్రిల్లు సారు పొద్దున్నే మా ఇంటికి వచ్చి పేపరు విప్పి, వెతికి, చదివి, మడిచి పెట్టేవాడు. “రాసినావు కదప్పా, అది చాలు,” అనేవాడు. అది చాలదని ఇద్దరికీ తెలుసు.

రిలే రోజు సాయంత్రం ఆయన అట్లా లేచి వెళ్లాక, నేను తలుపు వంక చూస్తూ కూర్చున్నాను. ఎదురింట్లో కేకలు లేవలేదు. తర్వాత ఒక్కసారిగా చప్పట్లు వినిపించాయి.

“ఏంది ఆడ?” అన్నాను.

నా భార్య కాయలు ఒలవడం ఆపలేదు. “గ్రౌండు చూపిస్తాండారు. సారు ఆ సిమెంటు చుట్టూ పరిగెత్తేది తీసినాడంట మొన్న. ఈ పొద్దు వేస్తామన్నాడంట.”

“నీకెట్ల తెలుసు?”

“సారే చెప్పినాడు నిన్న.”

“నీకు చెప్పి నాకు చెప్పల్యాదే?”

“నీకు చెప్తే నీ మొగం ఇట్లయితాదని,” అంది.

అద్దం దగ్గరికి పోయి చూసుకోవాల్సిన పని లేదు. ఎట్లయిందో నాకు తెలుసు. అరవై దాటిన మనిషి సిమెంటు చుట్టూ పరుగెత్తాడు. ఆ పరుగు నేను చూడలేదు. మిద్దె మీద నిలబడి ముప్పై మందికి పరుగు చూపించిన మనిషి, జీవితంలో మొదటిసారి తనే పరుగెత్తుతూ తెర మీదికి వచ్చాడు. పేటంతా ఒకచోట కూర్చుని చూసి చప్పట్లు కొట్టింది. నేనొక్కణ్ణే వీధికి ఇవతల, పరాయి దేశాల రిలే ముందు కూర్చున్నాను. ఎదురింటికి పోవాలంటే పది అడుగులు కూడా ఉండవు. ఎదురింటి టీవీ చూస్తే అతని మనిషినవుతాను. మా ఊరి న్యాయం అంత తొందరగా నన్ను వదల్లేదు.

కాసేపటికి డ్రిల్లు సారు తిరిగి వచ్చాడు. మా గడప దగ్గర మళ్లీ తువ్వాల దులిపాడు. వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. టీవీలో అప్పటికి ఎవరో బరువులు ఎత్తుతున్నారు. ఆయన ముఖంలో ఉన్న వెలుగును తీసి ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియడం లేదు. పక్కన నేనున్నాను కాబట్టి.

“బాగొచ్చిందా?” అన్నాను చివరికి.

“ఏదోలే అప్పా. కాళ్లే సరిగా పడల్యాదు,” అన్నాడు.

నా భార్య ఉడికించిన అలసందలు గిన్నెలో తెచ్చి ఇద్దరి నడుమ పెట్టింది. తిన్నాం. ఈ మనిషి ఇప్పుడు నా వైపు తిరిగి ఆ మాట అడుగుతాడని నేను ఎదురుచూశాను. చెప్పడానికి అంతా సిద్ధంగా ఉంది. ఎవరు ముందు లేచారు, కర్ర ఎవరి చేతిలో తడబడింది, ఆఖరున వచ్చిందెవరు. ఆయన గిన్నె ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, “పోయొస్తా మ్మా,” అని నా భార్యకు చెప్పి వెళ్లాడు.

మర్నాడే గ్రౌండుకు సర్కారు జీపు వచ్చింది. నేను మూడుసార్లు రాస్తే అటెండరు కూడా రాని గ్రౌండులోకి, అతను రెండు నిమిషాలు చూపిస్తే అధికారులే వచ్చారు. టేపు పట్టుకుని సిమెంటును అటూ ఇటూ కొలిచారు. తీసేస్తామన్నారు. డ్రిల్లు సారు వాళ్లతో పాటు గ్రౌండంతా తిరిగాడు. ఎదురింటి వాడు దాన్నీ తీశాడు. నేను ఆ వార్త రాయాల్సి వచ్చింది. రాశాను. మొదటి వాక్యం బాగానే వచ్చింది.

సిమెంటును తీయలేదు. ఎవరు పోయించారో వాళ్లే తీయించాలని ఒక ఆఫీసు అంది, పోయించింది మేము కాదని ఇంకో ఆఫీసు అంది. తర్వాతి ఎన్నికలకు దాని మీదనే మళ్లీ హెలికాప్టరు దిగింది. అది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. ఎదురింటి వాడి గొట్టం కూడా సిమెంటును పగలగొట్టలేదు కదా అనుకున్నాను. ఆ తర్వాత డ్రిల్లు సారు ముఖం గుర్తుకొచ్చి ఆ సంతోషమూ నిలవలేదు.

ఎదురింటి వాడు తర్వాత కడపకు బదిలీ అయి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. ఆ ఇంట్లో ఇప్పుడు బ్యాంకులో పనిచేసేవాళ్లు ఉంటున్నారు. తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. డ్రిల్లు సారు రోజూ పొద్దున మా ఇంటికి వస్తాడు. పేపరు చదువుతాడు, కాఫీ తాగుతాడు, గ్రౌండులో మిగిలిన సగానికే గీతలు ఎట్లా వేయాలో చెబుతాడు. ఆ తర్వాత ఒలింపిక్స్ మళ్లీ వచ్చి పోయాయి. ఇద్దరం పక్క పక్క కుర్చీల్లో కూర్చుని కొన్ని చూశాం, కొన్ని చూడలేదు.

ఆ రిలే ఫలితాన్ని మర్నాడు ఆయన మా ఇంట్లోనే పేపర్లో చూసుకుని ఉండవచ్చు. ఆఖరున వచ్చినవాళ్ల పేరు మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు. అది నాకు ఇంకా గుర్తుంది. ఆయన ఇంతవరకు అడగలేదు.